సలి వేరు, సళి వేరు

పోయిన ఏడాది వానలప్పుడు మా అవ్వ బచ్చలింట్లో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. కృష్ణగిరిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చి ఆపరేషన్ చేయించాం. అవ్వంటే మా అమ్మకు అమ్మ. బేరికె పక్కన ఒక పల్లెలో పుట్టింది, ఆ పక్క పల్లెకే కోడలుగా పోయింది. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. తమిళం వింటే తెలుస్తుంది గానీ మాట్లాడమంటే నోరు తిరగదు. మా నాన్నవాళ్ళది తమిళం. కాబట్టి మా ఇంట్లో రెండు భాషలూ నడుస్తాయి, కోపం వచ్చినప్పుడు రెండూ ఒకే వాక్యంలో నడుస్తాయి. ఇలా రెండింటి మధ్యా పెరిగినదాన్ని కనుక ఆసుపత్రిలో అవ్వ పక్కన నేనుంటే చాలని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

మూడో రోజు నాకు ఇంటర్నల్ పరీక్ష. కాలేజీకి వచ్చేశాను. అమ్మ మందుల కోసం కిందికి దిగింది. ఆ పది నిమిషాల్లో సిస్టర్ వచ్చి ఎట్లా ఉందని అడిగితే అవ్వ, "సలి పెడ్తా ఉండాదమ్మా" అంది. ఆ సిస్టర్ తమిళమ్మాయి, నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్దదేమో. ఆమె చెవికి అది "సళి" అని వినపడింది. తమిళంలో సళి అంటే జలుబు, కఫం. ఆమె కంప్యూటర్లో "కోల్డ్" అని కొట్టింది. ఇంగ్లీషు కూడా తక్కువ తినలేదు, ఆ భాషలో చలికీ జలుబుకీ ఒకటే మాట. సాయంత్రం రౌండుకు వచ్చిన డాక్టరు ఆ మాట చూసి జలుబు మాత్ర రాశారు. అవ్వకు జలుబు లేదు. ఒళ్ళంతా వణుకు. రాత్రికి జ్వరం 103 దాటింది. మూత్రానికి పెట్టిన గొట్టం వల్ల ఇన్ఫెక్షన్ అని మరునాడు పొద్దున తేలింది. మందు మార్చారు, తగ్గింది. ఒక పగలూ ఒక రాత్రీ దండగ అయ్యాయి.

తర్వాత నేను అడిగితే ఆ సిస్టర్ నొచ్చుకుంది. "పాటి సళినుదానే సొన్నాంగ" అంది. నిజమే, అవ్వ ఆ మాటే అంది. అవ్వ అబద్ధం చెప్పలేదు, సిస్టర్ అబద్ధం రాయలేదు.

అంతటితో అయిపోయి ఉంటే ఇది ఇంట్లో చెప్పుకుని నవ్వుకునే ముచ్చటగా మిగిలేది. ఐదో రోజు రాత్రి అవ్వ నాతో, "పాపా, నడుం కింద సెగ సెగగా ఉండాదే" అంది. రెక్సిన్ పరుపు కదా, వేడెక్కి ఉంటుందనుకున్నాను. అయినా సిస్టర్‌కు చెప్పాను, తమిళంలో, "పాటికి సూడుగా ఉందట" అని. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది వేరే సిస్టర్. ఒళ్ళు వేడి చేసి ఉంటుంది, మజ్జిగ ఇవ్వమంది. నేను మజ్జిగ తెచ్చి ఇచ్చాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అనువాదం చేసింది నేనే. సెగను సూడు చేశాను, సూడు కాస్తా ఒంటి వేడి అయింది, "నడుం కింద" అన్న ముక్క దారిలో ఎక్కడో పడిపోయింది. తెలుగు శాఖలో చదువుతున్నదాన్ని.

తొమ్మిది రోజుల తర్వాత, మా మామ ఇల్లు దగ్గర కదా అని, అవ్వను హోసూరులో ఇంకో ఆసుపత్రికి మార్చాం. చేర్చుకునేటప్పుడు అక్కడి సిస్టర్ అవ్వను ఒక పక్కకు తిప్పి, నన్ను పిలిచి చూపించింది. నడుం కింద, వెన్నెముక ముగిసే చోట, రూపాయి బిళ్ళంత మేర చర్మం ఊడిపోయి ఉంది. పడకపుండు. "ఇది ఎప్పట్నుంచి ఉంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కృష్ణగిరి నుంచి తెచ్చిన కాగితాల్లోనూ లేదు. ఆ కాగితాల్లో ఎక్స్‌రే ఉంది, ఎముకలో పెట్టిన లోహపు ముక్క తాలూకు స్టిక్కరు ఉంది, మందుల జాబితా ఉంది. తొమ్మిది రోజులు ఆమెను కడిగి, తిప్పి, తుడిచి, తినిపించిన వాళ్ళు చూసినది మాత్రం ఒక్క అక్షరం లేదు. బిల్లులో ఉంది. "నర్సింగ్ ఛార్జీలు, 9 రోజులు" అని ఒక్క వరస.

మామ గట్టిగా అడిగి నర్సుల నోట్సు జిరాక్సు తెప్పించాడు. పోట్లాడ్డానికే తెప్పించాడు. అవి చదివాక నాకు పోట్లాడాలనిపించలేదు. నాలుగో రోజు రాత్రి ఒకామె "రెడ్‌నెస్ ఓవర్ సేక్రమ్" అని రాసింది, అంటే త్రికం మీద ఎరుపు. మరునాడు పొద్దున ఇంకొకామె "బ్యాక్ కేర్ గివెన్" అంది, వీపు సంగతి చూశామని. ఆ సాయంత్రం "రాష్ ఆన్ బటక్, పౌడర్ అప్లైడ్". రాత్రి, నా పుణ్యమా అని, "బాడీ హీట్". ఏడో రోజు "స్కిన్ పీలింగ్". ఐదుగురూ చూశారు. ఐదుగురూ ఉన్నదే రాశారు. కానీ ఎరుపు, దద్దు, వేడి, తోలు లేవడం అని వేర్వేరు పేర్లతో రాసేసరికి కంప్యూటరుకు అవి ఐదు వేర్వేరు సంగతులు. ఒకే పుండు నాలుగు రోజులుగా పెరుగుతూ వస్తోందని దానికి తెలియదు. రౌండుకు వచ్చే డాక్టరు ఆ నోట్సు మొత్తం కిందికి దించుకుంటూ చదవరు. ఎక్కడా గంట మోగలేదు.

దీని గురించి మన గోడపత్రికకు ఎందుకు రాస్తోందా అని మీరు అనుకోవచ్చు. పోయిన సంచికలో కవితలు, అంతకు ముందు ఉగాది ముగ్గుల మీద వ్యాసం. ఇది ఆసుపత్రి విషయం, కంప్యూటర్ విషయం కదా అని. నేను మాత్రం ఇది మన శాఖ విషయమే అంటాను. ఎందుకో చెప్పడానికి మీకు తెలిసిన పుస్తకం ఒకటి గుర్తు చేస్తాను.

మాండలికాల పాఠంలో మేడమ్ "మాండలిక వృత్తిపదకోశం" గురించి చెప్పారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో 1962లో వ్యవసాయ పదాల సంపుటం వచ్చింది, 1971లో చేనేత పదాలది. ఆ పని ఎట్లా జరిగింది? నాగలి ఒకటే, మేడి ఒకటే, కాడి ఒకటే. కానీ జిల్లా మారితే పేరు మారుతుంది. అందుకని ముందు వస్తువును పట్టుకుని, ఆ వస్తువుకు ఏ జిల్లావాళ్ళు ఏ మాట వాడతారో దాని కింద రాసుకుంటూ పోయారు. ఏ మాట గొప్పది, ఏది మొరటు అన్న తగువు లేదు. వస్తువు స్థిరం, మాటలు దాని చుట్టూ. అవి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో ఏరిన మాటలు, మన హోసూరు పక్క మాటలకు అందులో చోటు లేదన్నది వేరే బాధ.

ఆసుపత్రుల ఎలక్ట్రానిక్ రికార్డుల్లో ప్రామాణిక నర్సింగ్ పదజాలం వాడాలి అంటున్నవాళ్ళు అడుగుతున్నది సరిగ్గా ఇదే. నర్సు చూసే ప్రతి సంగతికీ, చేసే ప్రతి పనికీ, దాని ఫలితానికీ ఒక స్థిరమైన పేరు, ఒక సంఖ్య ఉండాలి. పొద్దున డ్యూటీ సిస్టరూ రాత్రి డ్యూటీ సిస్టరూ, కృష్ణగిరీ హోసూరూ, ఒకే దానికి ఒకే సంఖ్య వేయాలి. పైకి కనిపించే మాట ఏదైనా కావచ్చు.

వైద్యులకు ఈ సదుపాయం ఎప్పుడో వచ్చింది. చావుకు కారణాలను ఒకే జాబితాలో పెట్టే అంతర్జాతీయ పట్టిక 1893లో తయారైంది, ఈనాటి రోగాల సంఖ్యల పట్టికకు అదే మూలం. ఆసుపత్రుల లెక్కలన్నీ ఒకే నమూనాలో ఉండాలని అంతకు ముందే పట్టుబట్టినది ఒక నర్సు, ఫ్లోరెన్స్ నైటింగేల్. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ముందుకు ఆమె ఫారాలు వచ్చాయి. ఇంత చేసినా నర్సుల పనికి మాత్రం పేర్లు పెట్టుకోవడానికి 1973 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో క్రిస్టీన్ గెబ్బీ, మేరీ ఆన్ లావిన్ అనే ఇద్దరు నర్సులు మిగతా నర్సులను పిలిచి, మనం రోగిలో గుర్తించేవాటికి పేర్ల పట్టిక చేద్దామన్నారు. దాన్నుంచి పుట్టిందే నాండా. తర్వాత అయోవా విశ్వవిద్యాలయం వాళ్ళు నర్సులు చేసే పనులకు ఒక పట్టిక (1992), ఫలితాలకు ఒక పట్టిక (1997) తెచ్చారు. పనుల పట్టికలో 3540 అంటే పడకపుండు రాకుండా చూడడం. రోగికి ఆ ముప్పు ఎంత ఉందో కొలవడం, గంటకో రెండు గంటలకో ఒత్తిగిలబెట్టడం, దుప్పటి ముడతలు లేకుండా పొడిగా ఉంచడం, ఇవన్నీ ఆ ఒక్క సంఖ్య కింద ఉన్నాయి. ఫలితాల పట్టికలో చర్మం సంగతి 1101, ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు. నిన్న నాలుగు, ఇవాళ మూడు అని వేస్తే చాలు. దిగుతోందని చిన్నపిల్లకైనా తెలుస్తుంది.

ముప్పు కొలవడానికి కూడా కొలత ఉంది. 1987లో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ తయారు చేసినది. స్పర్శ, తడి, నడక, కదలిక, తిండి, రాపిడి అని ఆరు అంశాలు. మొత్తం 6 నుంచి 23 వరకు వస్తుంది, తక్కువ వస్తే ముప్పు ఎక్కువ. కదల్లేని, సరిగ్గా తినని, గొట్టం పెట్టిన అవ్వకు ఎంత వచ్చేదో నేనే ఇంట్లో కూర్చుని లెక్క వేశాను. చెప్పను గానీ, మంచి మార్కులు కావు.

ఇప్పుడు మన దేశం. కేంద్ర ఆరోగ్య శాఖ 2013లోనే ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డులకు ప్రమాణాలు ప్రకటించింది, 2016లో సవరించింది. అందులో పదజాలానికి స్నోమెడ్ సీటీ వాడమంది. భారతదేశం 2014లో ఆ సంస్థలో సభ్యురాలైంది కనుక ఇక్కడ దాన్ని వాడుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. పుణెలోని సీ-డాక్ ఆ బాధ్యత చూస్తోంది. ప్రపంచ నర్సుల మండలి సొంతంగా తయారు చేసుకున్న నర్సింగ్ పదజాలం, దాని మొదటి పూర్తి రూపం 2005లో వచ్చింది, అది కూడా 2021లో స్నోమెడ్‌లోనే కలిసింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలై, మనిషికో 14 అంకెల ఆరోగ్య సంఖ్య ఇవ్వసాగారు. అంటే పెట్టె ఉంది, తాళం చెవి ఉంది, పైసా ఖర్చు లేదు. నాండా పట్టికను కంప్యూటర్లో వాడాలంటే అనుమతి కొనుక్కోవాలి, దీనికి అదీ అక్కర్లేదు. అందుకే నాండానా, స్నోమెడ్‌లోని నర్సింగ్ పదాలా అని అడిగితే నేను రెండోదే అంటాను.

స్నోమెడ్‌లో మూడున్నర లక్షలకు పైగా భావాలు ఉన్నాయి. ఒక్కో భావానికి ఒక సంఖ్య, ఆ సంఖ్యకు ఎన్ని మాటలైనా, ఎన్ని భాషల్లోనైనా తగిలించుకోవచ్చు. స్పెయిన్ వాళ్ళు, స్వీడన్ వాళ్ళు, డచ్చి వాళ్ళు తమ మాటలు తగిలించుకున్నారు. నేను వెతికి చూసుకున్నది రెండే రెండు సంఖ్యలు. ఒంట్లో చలి పుట్టి వణకడం 43724002. జలుబు 82272006. మా అవ్వ సలీ, ఆ సిస్టర్ సళీ. మాటలుగా వింటే వాటి మధ్య ఉన్న తేడా నాలుక ఎంత వెనక్కి మడిచాం అన్నదే. సంఖ్యలుగా చూస్తే ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునే వీలే లేదు. ఆ కంప్యూటర్లో సిస్టర్ "సలి" అని కొడితే, "చలి, వణుకా? జలుబు, కఫమా?" అని అది ఎదురు అడిగి ఉంటే, ఆమె అవ్వ చెయ్యి పట్టుకుని చూసి ఉండేది. అవ్వ చెయ్యి వణుకుతూనే ఉంది.

మన జిల్లా సంగతి ఇక్కడ తప్పకుండా చెప్పాలి. ఇంటింటికీ వెళ్ళి వైద్యం చేసే మక్కళై తేడి మరుత్తువం పథకాన్ని ముఖ్యమంత్రి స్టాలిన్ 2021 ఆగస్టు 5న మొదలుపెట్టినది చెన్నైలో కాదు, మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో. ఊరి పేరులోనే తెలుగు ఉంది. ఆడవాళ్ళే వాలంటీర్లుగా ఇళ్ళకు వెళ్ళి బీపీ, షుగరు చూసి మాత్రలు ఇస్తారు. మంచం పట్టినవాళ్ళ దగ్గరికి నర్సు, ఫిజియోథెరపిస్టు వస్తారు. ఇది నాకు నచ్చిన పథకం. కానీ ఒకటి గమనించండి. బీపీ 140 మీద 90 అంటే తమిళంలోనైనా తెలుగులోనైనా అంతే. షుగరూ అంతే. అంకెకు భాష లేదు కనుక అంకె క్షేమంగా రికార్డు చేరుతుంది. మంచం పట్టిన ముసలామె ఇంటికి వెళ్ళిన నర్సు చూసేవి అంకెలు కావు. నొప్పి ఎట్లాంటిది, నిద్ర పట్టిందా, ముద్ద దిగుతోందా, వీపు ఎట్లా ఉంది, ఇంట్లో చూసుకునే కోడలు ఎంత అలిసిపోయింది. ఇవన్నీ మాటలు. బేరికె, బాగలూరు, వేపనపల్లి పక్క అయితే తెలుగు మాటలో కన్నడ మాటలో. దారిలో రాలిపోయేవి ఇవే.

ఇదంతా నేను మా పెద్దమ్మ కూతురికి చెప్పాను. ఆ అక్క నర్సింగ్ మూడో సంవత్సరం. పూర్తిగా విని నవ్వింది. "నువ్వు సాహిత్యం చదువుతావు, మాటలంటే నీకు ఆట. రాత్రి డ్యూటీలో ఇద్దరం ఉంటే ముప్పై మంది పేషెంట్లు ఉంటారు. తిప్పాలా, తిప్పినట్టు కంప్యూటర్లో మెనూలు తెరిచి నొక్కాలా?" అంది. నాండా పేర్లన్నీ వాళ్ళకు కేస్ బుక్కులో రాసి మార్కులు వేయించుకోవడానికేనట. ఆ పేర్లు కూడా ఎట్లా ఉంటాయంటే, శ్లేష్మం తీసుకోలేకపోతున్నాడు అనడానికి "ఇనెఫెక్టివ్ ఎయిర్‌వే క్లియరెన్స్". పేషెంటు పక్కన ఆ మాట అంటే కార్పొరేషన్ వాళ్ళు రోడ్డు మీద ఆక్రమణలు తీసేస్తున్నారనుకుంటారు అంది అక్క. నేనూ నవ్వాను. మా వీధిలో ఊళ్ళు తిరిగే నర్సు ఒకామె ఉంది, ఆమె బాధ ఇంకో రకం. ఒకే వివరం నోటుబుక్కులో ఒకసారి, ఫోన్లో ఒకసారి, నెలాఖరుకు పట్టికలో ఒకసారి. "మనిషిని చూసే టైము కంటే మనిషి గురించి రాసే టైము ఎక్కువైపోయింది పాపా" అంటుంది.

వీటికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇద్దరికి ముప్పై మంది అన్న లెక్క మారకుండా ఏ పదజాలం తెచ్చినా అది ఇంకో బరువే. అక్కతో అదే అన్నాను. కానీ అప్పుడు అక్కను ఇంకొకటి అడిగాను. ఆ ఇద్దరూ రాత్రంతా ఎంత మందిని ఎన్ని సార్లు తిప్పారో ఎవరికైనా తెలుసా? బిల్లులో "నర్సింగ్ ఛార్జీలు" అని ఒక్క వరసలో పోతుంది. తిప్పినా ఆ వరసే, తిప్పకపోయినా ఆ వరసే. ముగ్గురు కావాలి, నలుగురు కావాలి అని యాజమాన్యాన్ని అడగాలంటే చూపించడానికి ఏముంది? ఆపరేషన్ చేసిన డాక్టరు పని ఒక సంఖ్యగా లెక్కలోకి వచ్చింది, ల్యాబువాళ్ళ పని వచ్చింది, లోహపు ముక్క సైజు కూడా వచ్చింది. రాత్రి రెండు గంటలకు మా అవ్వను లేపి నీళ్ళు తాగించిన అమ్మాయి పని ఎక్కడా రాలేదు. ఆమె చేసిన మంచికీ సాక్ష్యం లేదు, పుండు ఎవరి వల్ల వచ్చిందని రెండు ఆసుపత్రులూ వాదించుకున్నప్పుడు ఆమెను కాపాడే కాగితమూ లేదు. అక్క కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మెనూలో పది ఉంటే పరవాలేదు, వెయ్యి ఉంటే మాత్రం ఎవరూ నొక్కరు" అంది.

అది మంచి మాట. మూడున్నర లక్షల భావాలూ ఎవరికి కావాలి? వార్డులో మొదట పడకపుండు, పడిపోయే ముప్పు, నొప్పి, ఊపిరి, నిద్ర, తిండి, మూత్రం, భయం. ఇట్లాంటివి ఒక ఇరవై ముప్పై చాలు. రాసేది ఒకే చోట రాయాలి, అదే మిగతా చోట్లకు వెళ్ళాలి. నర్సింగ్ కౌన్సిల్ కొత్త సిలబస్‌లో ఆరోగ్య సమాచార శాస్త్రం అని ఒక పేపరే పెట్టారు కనుక ఇక మీదట వచ్చే నర్సులకు ఈ సంగతులు కొత్తేమీ కావు.

నాకు ఇంకో భయం కూడా ఉంది. మెనూలో లేని మాట ఉన్నప్పుడు మనిషి ఏం చేస్తాడు? దగ్గరగా ఉన్న దాన్ని నొక్కేస్తాడు. నేను సెగను సూడు చేసినట్టు. అందుకని ఏ పదజాలం పెట్టినా, పక్కన ఒక ఖాళీ గడి ఉండాలి, రోగి నోట వచ్చిన మాట వచ్చినట్టు రాయడానికి, ఏ లిపిలోనైనా. "నడుం కింద సెగ" అని ఆ గడిలో ఉండి ఉంటే, హోసూరు సిస్టర్ కాకపోయినా ఎవరో ఒక తెలుగు తెలిసినవాళ్ళ కళ్ళబడేది.

మన జిల్లా నర్సుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే అమ్మాయిలు చాలామందే ఉన్నారు. 2006 చట్టం తర్వాత బళ్ళో తమిళం మొదటి భాషగా చదివిన తరం కనుక వాళ్ళలో కొందరికి తెలుగు చదవడం రాదు, వినడం బ్రహ్మాండంగా వచ్చు. వాళ్ళకు మాటలు తెలుసు, ఆ మాట ఏ సంఖ్య కిందికి వస్తుందో చెప్పేవాళ్ళు కావాలి. ఇక్కడే మన శాఖ అవసరం ఉంది అంటున్నాను. నొప్పిని తీసుకోండి. మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ మెల్జాక్ 1975లో నొప్పిని వర్ణించే 78 ఇంగ్లీషు మాటలను 20 గుంపులు చేసి ఒక ప్రశ్నావళి తయారు చేశారు. అప్పట్నుంచి ఎన్నో దేశాల్లో అది వాడుతున్నారు. మన దగ్గర ఎన్ని మాటలు లేవు? సలుపు, పోటు, తీపు, మంట, కుట్టు, గుంజు, మెలి, పీకడం, జివ్వుమనడం. మా అవ్వను "నొప్పి ఉందా?" అని అడిగితే "లేదు" అంటుంది. డాక్టరు సంతోషంగా వెళ్ళిపోతారు. తర్వాత నాతో, "నొప్పి యాడుండాది, తీపులు ఉండాయి గానీ" అంటుంది. ఆమెకు నొప్పి వేరు, తీపు వేరు. రికార్డులో "నో పెయిన్" అని పడుతుంది.

ఊపిరి తీసుకోండి. మా పక్క "గస పెడ్తా ఉండాది" అంటారు, "ఒగరుస్తా ఉండాడు" అంటారు, "ఆయాసం" అంటారు. మూడూ ఒకటేనా? పిల్లికూతలు ఉంటేనే గస అంటారా? మైకం సంగతి చూడండి. అవ్వ "మైకంగా ఉండాది" అంటే మత్తుగా, నిద్రమంపుగా ఉందని. తమిళంలో మయక్కం అంటే కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం. నిద్రమాత్ర ఎక్కువైన మనిషినీ రక్తపోటు పడిపోయిన మనిషినీ ఒకేలా చూస్తే ఏమవుతుందో ఆలోచించండి. సంకటం, దిమ్ము, తిమ్మిరి, బడలిక, నిస్సత్తువ... వీటిలో ఏది ఏ భావం కిందికి వస్తుందో తేల్చాలంటే వైద్యం ఒక్కటే తెలిస్తే చాలదు, పల్లెకు పోయి అడగాలి. పదకోశం చేసినవాళ్ళు నాగలి దగ్గర నిలబడి అడిగినట్టు మంచం దగ్గర నిలబడి అడగాలి. మనకు మూడో సంవత్సరం ప్రాజెక్టు ఉంది. పోయినేడు అక్కవాళ్ళు సామెతలు, పెళ్ళిపాటలు సేకరించారు. వాటిని తక్కువ చేసి అనడం లేదు, పెళ్ళిపాటల్లో మా అవ్వ పాడినవీ రెండు ఉన్నాయి. కానీ ఈసారి మనలో ఒక ఐదారుగురు రోగాల మాటలు ఏరితే, మేడమ్ ఒప్పుకుంటే, పక్కన ఉన్న ఏదైనా నర్సింగ్ కాలేజీ అమ్మాయిలతో కలిసి కూర్చుని వాటికి సంఖ్యలు వేస్తే, ఆ పట్టిక పుణె దాకా వెళ్తుందో లేదో గానీ మన జిల్లా ఆసుపత్రుల్లో ఒక వార్డు గోడ మీదికైనా వెళ్తుంది.

అవ్వ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని వాకిట్లోకి వస్తోంది. ఈ వ్యాసం రాసేముందు ఆమె దగ్గర కూర్చుని మాటలు అడిగాను. ఒక మధ్యాహ్నంలో 41 వచ్చాయి. వాటిలో పదకొండు నాకు తెలియనే తెలియవు. ఈ కాగితం కింద ఇంకో కాగితం అంటించాను, దారంతో పెన్సిలు కట్టాను. మీ ఇంట్లో అవ్వలు, జేజిలు ఒంట్లో బాగాలేనప్పుడు ఏ మాట అంటారో, ఏ ఊరో, ఆ మాటకు వాళ్ళు చెప్పిన అర్థం ఏమిటో రాయండి. తమిళ మాటైనా, కన్నడ మాటైనా పరవాలేదు. "గస" అని ఒకరు, "గెస" అని ఒకరు రాస్తే కొట్టివేయకండి, రెండూ ఉండనివ్వండి. మొదటి వరసలో నేను "సెగ" అని రాశాను, పక్కన అర్థం గడి ఖాళీగా వదిలాను. అవ్వను అడిగితే, "సెగంటే సెగే పాపా, నిప్పుల కుంపటి దగ్గర వీపు పెట్టినట్ల" అంది. దాన్ని ఏ సంఖ్య కింద వేయాలో అక్కను అడిగి వచ్చే సోమవారం రాస్తాను.